పరిచయాలు పెరిగాయి, పూచీ ఇచ్చేవాళ్ళు పెరగలేదు: శ్రీకాకుళం, విజయనగరాల్లో నెట్‌వర్కింగ్ అసలెలా పనిచేస్తోంది

క్లుప్తంగా

దూరపు పరిచయం కబురు తెస్తుంది, దగ్గరి సంబంధం పూచీ ఇస్తుంది. ఫోను వచ్చాక మొదటిది దాదాపు ఉచితమైపోయింది, రెండోదాని ఖరీదు మాత్రం రూపాయి కూడా తగ్గలేదు. క్లబ్బులు, వాట్సాప్ గ్రూపులు, ఉద్యోగ పరిచయాల వెబ్‌సైటు లింక్‌డిన్ కొందరికి ఎందుకు కలిసొస్తున్నాయో, చాలామందికి ఎందుకు టైమ్‌పాస్‌గా మిగులుతున్నాయో ఈ తేడా దగ్గరే తేలుతుంది.

ఇప్పుడీ చర్చ ఎందుకు

భోగాపురం విమానాశ్రయం, సంతబొమ్మాళి వైపు మూలపేట పోర్టు, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు అంటూ ఉత్తరాంధ్రలో నాలుగు డబ్బులు కదిలే మాట వినిపించడం మొదలయ్యాక, దాంతోపాటే "నెట్‌వర్క్ పెంచుకోండి" అనే సలహా కూడా ఊరూరా తిరుగుతోంది. పొద్దున్న ఏడింటికి హోటల్ హాల్లో టిఫిన్ మీటింగులు, విజిటింగ్ కార్డులు, కులాల వారీ బిజినెస్ గ్రూపులు, పాత విద్యార్థుల గ్రూపులు, రాజాం, చీపురుపల్లి వైపు ఇంజనీరింగ్ పిల్లల లింక్‌డిన్ ఖాతాలు... అన్నిటికీ ఒకటే పేరు. జనానికి తికమక అక్కడే వస్తోంది, ఎందుకంటే ఈ పేరు కిందకి వచ్చేవన్నీ ఒకే రకం పనులు కావు.

ముందు ఒకటి పక్కన పెట్టేయాలి. చాలా ఊళ్ళలో నెట్‌వర్కింగ్ అనగానే గుర్తొచ్చేది గొలుసు వ్యాపారం. ఇద్దరిని చేర్పించు, వాళ్ళు మరో ఇద్దరిని చేర్పిస్తారు, నీకు కమిషన్ వస్తుంది అనే రకం. అందులో ఆదాయం సరుకు అమ్మకం మీద కాకుండా కొత్తగా చేరేవాళ్ళు కట్టే డబ్బు మీద నడిస్తే, అది 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందకి వస్తుంది, 2021లో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ పథకాలను నిషేధించాయి. దాని దెబ్బ డబ్బుతో ఆగదు. మేనమామ, తోటికోడలు, పక్కింటి టీచరు గారు అనుకుంటూ ఉన్న నమ్మకాలన్నిటినీ ఆరు నెలల్లో ఖర్చు పెట్టించేస్తుంది, ఆ తర్వాత ఆ మనిషి నిజంగా మంచి పని చెప్పినా చుట్టుపక్కల వాళ్ళు మొహం చాటేస్తారు. పదిమందిని కలవాలి అంటే ఇక్కడి మధ్యతరగతి ఇళ్ళలో ఒక రకమైన జంకు ఉందంటే దాని వెనక ఈ అనుభవం కొంత ఉంది.

కబురు ఒక దారి, పూచీ ఇంకో దారి

అమెరికా సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో అచ్చయిన తన అధ్యయనం కోసం బోస్టన్ పక్క న్యూటన్ అనే ఊళ్ళో, కొత్త ఉద్యోగంలో చేరినవాళ్ళను "ఈ ఉద్యోగం సంగతి ఎవరు చెప్పారు, ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తారు" అని అడిగారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, వారానికి రెండుసార్లయినా కలిసే మనిషి ద్వారా దొరికింది 16.7 శాతానికే. అప్పుడప్పుడు కలిసేవాళ్ళ ద్వారా 55.6 శాతం, ఏడాదికి ఒకసారో అంతకన్నా తక్కువో కలిసేవాళ్ళ ద్వారా 27.8 శాతం. అడిగింది తక్కువ మందినే అయినా లెక్క వెనక కారణం బలమైనది. మన దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలుసు, వాళ్ళు తిరిగే చోటే మనమూ తిరుగుతాం. కొత్త కబురు రావాలంటే వేరే చోట తిరిగే మనిషి కావాలి.

2022లో ఇదే సంగతిని లింక్‌డిన్ సమాచారంతో భారీ ఎత్తున పరీక్షించారు. 2 కోట్ల మంది, ఐదేళ్ళ కాలం, దాదాపు 6 లక్షల కొత్త ఉద్యోగాలు. మరీ దగ్గరివాళ్ళూ కాదు, మరీ ముక్కూ మొహం తెలియనివాళ్ళూ కాదు, మధ్యస్థంగా దూరంగా ఉన్న పరిచయాలే ఎక్కువ ఉద్యోగాలు తెచ్చాయని తేలింది. ఆ అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది, మన జిల్లాలకు అదే ముఖ్యం: డిజిటల్ పని ఎక్కువగా ఉండే రంగాల్లో దూరపు పరిచయాలు బాగా పనిచేశాయి, డిజిటల్ వాడకం తక్కువున్న రంగాల్లో దగ్గరి సంబంధాలే ముందున్నాయి.

దీన్ని ఇక్కడ పెట్టి చూస్తే చాలా విషయాలు విడిపోతాయి. విజయనగరం నుంచి హైదరాబాద్ ఐటీ కంపెనీకి వెళ్ళాలనుకునే అమ్మాయికి, నాలుగేళ్ళ సీనియర్ పంపే ఒక రిఫరల్ (సిఫారసు) లింకు చాలు, ఆ తర్వాత పరీక్ష ఉంది, ఇంటర్వ్యూ ఉంది, ఆమె పని చేయగలదో లేదో కంపెనీయే చూసుకుంటుంది. అదే ఎచ్చెర్ల, గార తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకు వెళ్ళే కుర్రాడి సంగతి వేరు. బోటు యజమాని అడ్వాన్సు ఇచ్చేది తండేలుకి, అంటే బోటు నడిపించే నాయకుడికి, తండేలు కలాసీలను (బోటు మీద పనిచేసేవాళ్ళను) పోగుచేసేది తన ఊరి నుంచి, తన చుట్టాల్లోంచి. నెలల తరబడి నడిసముద్రంలో ఒకే బోటులో ఉండాలి, అడ్వాన్సు తీసుకున్నవాడు మధ్యలో జారుకుంటే నష్టం తండేలు నెత్తిన పడుతుంది. అక్కడ పరీక్షా లేదు, ఇంటర్వ్యూ లేదు, "మావోడే, నాది పూచీ" అనే మాటే అర్హత పత్రం.

ఆ మాట బలమూ బలహీనతా రెండూ 2018 నవంబరులో కనబడ్డాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్ తీరంలో సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుపోయింది, 2020 జనవరిలో 20 మంది వాఘా మీదుగా ఇంటికొచ్చారు. ఒకే ఊరివాళ్ళు, ఒకే చుట్టరికంవాళ్ళు ఒకే బోటులో ఉండడం వల్ల ప్రమాదం వచ్చినప్పుడు ఒకే వీధిలో నాలుగిళ్ళకు తగులుతుంది. అదే దగ్గరితనం వల్ల వాళ్ళ కోసం తిరగడానికి ఊరంతా కదులుతుంది కూడా. 2020 లాక్‌డౌన్‌లో వెరావల్‌లో వేలమంది ఇరుక్కుపోతే, ఊళ్ళ నుంచి ఒత్తిడి పెరిగి ప్రభుత్వాలు బస్సులు పెట్టి తీసుకురావాల్సి వచ్చింది. ఇంత గట్టి సంబంధాలున్నా కొత్త పని గురించి కబురు మాత్రం ఈ వలలోకి ఆలస్యంగా వస్తుంది, తండేలుకి తెలిసిందే అందరికీ తెలుస్తుంది కాబట్టి.

పలాసలో ఒక లోడు ఎలా బయల్దేరుతుంది

వ్యాపారంలో పూచీ అంటే ఏమిటో చూడాలంటే పలాస-కాశీబుగ్గ జీడిపప్పు కంటే మంచి ఉదాహరణ దొరకదు. పలాస చుట్టుపక్కల తోటల ప్రాంతమైన ఉద్దానం రైతు జీడి పిక్కల్ని 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు, అది చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు దిగుతాయి. ఉడకబెట్టడం, కోయడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం అయ్యాక గ్రేడింగ్. డబ్ల్యూ 320 అంటే పౌనుకు (సుమారు 450 గ్రాములకు) 320 గింజల వరకు తూగే తెల్ల గుండు పప్పు, డబ్ల్యూ 240 అంటే అంతకన్నా పెద్ద గింజ, ఆ తర్వాత బద్దలు, ముక్కలు. శాంపిల్ ప్యాకెట్‌లో 240 పెట్టి బస్తాలో 320 కలిపినా, తేమ ఉన్న పప్పు పంపినా, సరుకు దూరపు ఊరు చేరాక గానీ బయటపడదు. అటు కొన్నవాడు చెప్పిన తేదీకి డబ్బు వేయకపోయినా పంపినవాడికి తెలిసేది అప్పుడే. అంటే రెండు వైపులా కళ్ళు మూసుకుని చేసే బేరం.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో లిస్టింగ్ పెడితే దేశం నలుమూలల నుంచీ ఫోన్లు వస్తాయి, ఎంక్వయిరీలకు కొదవలేదు. "ఓ లోడు పంపండి, పది రోజుల్లో వేసేస్తాం" అనే కొత్త గొంతుకు మాత్రం సరుకు కదలదు. ముందు డబ్బు అడుగుతారు, లేకపోతే ఆ ఊళ్ళో తెలిసిన బ్రోకరుకి ఫోన్ చేస్తారు. బ్రోకరు "పార్టీ మంచిదే" అంటే లోడు బయల్దేరుతుంది. అతను తీసుకునేది ధర చెప్పినందుకు కమిషన్ అనుకుంటారు గానీ, ధర ఫోన్‌లో ఎవరైనా చెబుతారు. అతను అమ్మేది తన పేరు. పార్టీ ఎగ్గొడితే చట్టప్రకారం అతను కట్టక్కర్లేదు, కానీ మర్నాటి నుంచి అతని మాటకు కాశీబుగ్గలో విలువ ఉండదు. కొత్త పార్టీని మొదట చిన్న లోడుతో చూడడం, రెండు మూడుసార్లు డబ్బు సరిగా వచ్చాక అరువు పెంచడం అందుకే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి, ఉద్దానంలో జీడి తోటల్నీ కొబ్బరి తోటల్నీ పడగొట్టింది. జీడి చెట్టు మళ్ళీ నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అలాంటి దెబ్బ తర్వాత పాత బాకీకి గడువు అడగడం, కొత్త అరువు ఇప్పించుకోవడం అనేవి గ్రూపులో మెసేజ్ పెడితే జరిగే పనులు కావు. అవతలి మనిషి తన గడువు తాను తప్పి ఇంకొకరికి సర్దిచెప్పుకోవాలి, ఆ కష్టం పడడానికి అతనికి ఒక పాత కారణం ఉండాలి.

క్లబ్బు మీటింగు ఏం చేస్తుంది, ఏం చేయలేదు

ఈ టిఫిన్ మీటింగుల క్లబ్బుల్లో కనిపించే, వృత్తికి ఒక్కరే సభ్యుడు అనే పద్ధతి కొత్తదేం కాదు. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మొదలుపెట్టిన రోటరీ క్లబ్బులో అదే నియమం, ఒకరి ఆఫీసులో ఒకసారి చొప్పున కలుస్తూ, ఒకరి వ్యాపారానికి ఒకరు తోడ్పడడం తొలినాళ్ళలో దాచుకోని ఉద్దేశం. రెండేళ్ళకే, 1907లో, నగరంలో పబ్లిక్ మరుగుదొడ్ల కోసం పనిచేయడం మొదలుపెట్టి సేవ వైపు మళ్ళారు. 1985లో కాలిఫోర్నియాలో ఐవాన్ మిస్నర్ పెట్టిన బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) మళ్ళీ మొదటి ఉద్దేశానికే వచ్చింది: ప్రతి వారం మీటింగు, హాజరు తప్పనిసరి, ఎవరు ఎవరికి ఎన్ని రిఫరల్స్ ఇచ్చారో లెక్క. ఇప్పుడు మన ఊళ్ళలో కనబడే టిఫిన్ మీటింగులు, ఆ పేరుతో ఉన్నా లేకున్నా, చాలావరకు దీని అచ్చులోనే పోసినవి.

ఈ పద్ధతిలో అసలు పనిచేసేది రిఫరల్ లెక్క కాదు, హాజరు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ చేసిన అధ్యయనం ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనిపించుకోవడానికి 90 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. వారానికి గంటన్నర మీటింగు అనుకుంటే 50 గంటలు పూర్తవడానికి ఎనిమిది నెలలు, 200 గంటలకు రెండున్నరేళ్ళు. ఆరు నెలలు వచ్చి "ఏం రాలేదు, ఫీజు దండగ" అని మానేసేవాళ్ళు అంత ఎక్కువమంది ఎందుకుంటారో ఈ గుణకారంలోనే ఉంది. పైగా ఆ గంటన్నరలో సగం నిలబడి అరవై సెకన్ల పరిచయాలు చెప్పుకోవడానికే పోతుంది, అది కలిసి గడిపిన కాలం కిందకి వస్తుందా అన్నది అనుమానమే.

రిఫరల్ లెక్కతో ఇంకో చిక్కు. వారానికి ఒకటి ఇచ్చి తీరాలంటే, మనిషి తాను నమ్మని పేరు కూడా ఇచ్చేస్తాడు. టైల్స్ షాపాయన ఎప్పుడూ పని చూడని ఎలక్ట్రీషియన్ నంబరు తన కస్టమరుకి ఇస్తాడు, వైరింగ్ పాడైతే కస్టమరు తిట్టేది టైల్స్ షాపాయన్నే. పలాస బ్రోకరు ఆచితూచి అనే మాటను ఇక్కడ వారవారం అనమంటున్నారు, దాంతో ఆ మాట పలచబడిపోతోంది.

చిన్న ఊరి సమస్య మరొకటి. ఈ క్లబ్బుల నమూనా ఒకరికొకరు తెలియని పెద్ద నగరాల కోసం పుట్టింది. శ్రీకాకుళంలో జీటీ రోడ్డు షాపుల వాళ్ళకో, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల వాళ్ళకో ఒకరి సంగతి ఒకరికి మూడు తరాలుగా తెలుసు. ఎవరి నాన్న ఎవరికి ఎగ్గొట్టాడో కూడా తెలుసు. వాళ్ళకి కావలసింది పరిచయం కాదు, ఊరి బయటికి ఒక దారి. అదే అరవై మంది మళ్ళీ ఒక హాల్లో కూర్చుంటే ఆ దారి తెరుచుకోదు. అదే క్లబ్బు రక్తదాన శిబిరమో, తుపాను సాయమో భుజానికెత్తుకుంటే మాత్రం సంగతి మారుతుంది, బియ్యం బస్తాలు లారీ ఎక్కించే రోజున ఎవరు పొద్దున్నే వచ్చారో, ఎవరు ఫొటో దిగి వెళ్ళిపోయారో అందరూ చూస్తారు. ఒక మనిషి మాట మీద నిలబడతాడా అన్నది కార్డు చెప్పదు, ఆ ఒక్క పూట చెబుతుంది.

ఫోన్‌లో వెయ్యి మంది

2022 చివర్లో వాట్సాప్ ఒక గ్రూపులో 1,024 మందిని అనుమతించింది, అంతకుముందు చాలా ఏళ్ళు అది 256. లింక్‌డిన్‌లో 30,000 కనెక్షన్ల దాకా పెట్టుకోవచ్చు. మనిషి బుర్ర మాత్రం ఆ వేగంతో పెరగలేదు. బ్రిటిష్ శాస్త్రవేత్త రాబిన్ డన్బార్ 1990ల నుంచి చెబుతున్న అంచనా ప్రకారం ఒక మనిషి నిలబెట్టుకోగల సంబంధాలు 150 చుట్టూ, అందులో కష్టం వస్తే ముందుగా గుర్తొచ్చేవాళ్ళు ఐదుగురు, తర్వాతి వలయం 15, ఆ తర్వాత 50. ఈ అంకెల మీద శాస్త్రవేత్తల్లో వాదాలున్నాయి, 150 అనేది రాతిమీద గీత కాదు. కానీ గుడ్ మార్నింగ్ బొమ్మ రోజూ పంపినంత మాత్రాన ఎవరూ 50 లోంచి 15 లోకి రారన్నది వాదం లేకుండానే తెలుస్తోంది.

గ్రూపులకు ఒక నిజమైన ఉపయోగం ఉంది, అదేంటంటే పాత సంబంధాలు పూర్తిగా ఎండిపోకుండా చూడడం. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో, కనీసం మూడేళ్ళుగా మాట్లాడని పాత పరిచయస్తులకు మళ్ళీ ఫోన్ చేసి సలహా అడగమని మేనేజర్లకు చెప్పారు. వాళ్ళ దగ్గర దొరికిన సలహా, రోజూ మాట్లాడేవాళ్ళ సలహాకి ఏమాత్రం తీసిపోలేదు, చాలాసార్లు కొత్తగా ఉంది. కారణం ఊహించవచ్చు: పాత నమ్మకం అలాగే ఉంది, మనిషి మాత్రం ఈలోగా వేరే లోకం చూసొచ్చాడు. అంటే కబురూ పూచీ రెండూ ఒకే మనిషి దగ్గర దొరికే అరుదైన చోటు ఇది. వలసల జిల్లాలకు ఇది పెద్ద ఆస్తి. హైదరాబాద్, చెన్నై, భువనేశ్వర్, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళంతా సంక్రాంతికో, దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమానుకో, ఊళ్ళో ఏళ్ళకొకసారి చేసే అమ్మవారి పండక్కో దిగుతారు. ఆ మూడు రోజుల్లో టీ కొట్టు దగ్గర జరిగే మాటలు చాలా లింక్‌డిన్ మెసేజ్‌ల కంటే దూరం వెళ్తాయి.

నేస్తం కట్టడం, చదివింపులు రాయడం

పరాయి మనిషిని సొంత మనిషిని చేసుకోవడానికి ఈ ప్రాంతంలో పాత పద్ధతులున్నాయి. నేస్తం కట్టడం వాటిలో ఒకటి. ఇద్దరు స్నేహితులు, ఎక్కువగా ఆడవాళ్ళు, పెద్దల ముందు నేస్తరికం కలుపుకుని, బట్టలు పెట్టుకుని, ఆ రోజు నుంచి ఒకరింటి పెళ్ళిళ్ళకీ చావులకీ ఇంకొకరు చుట్టాల్లాగే నిలబడతారు. కులం వేరైనా నేస్తం కట్టిన కుటుంబాలున్నాయి. సరిహద్దు అవతల ఒడిశాలో జగన్నాథుడి మహాప్రసాదం పంచుకుని స్నేహం కలుపుకోవడం కూడా ఇలాంటిదే. ఇందులో భావుకత సంగతి అలా ఉంచితే, పనిచేసే సూత్రాలు మూడు కనబడతాయి: ఖర్చుంది, సాక్షులున్నారు, గడువు లేదు. ఖర్చున్న చోట అందరితోనూ కట్టుకోలేరు కాబట్టి ఎంపిక జరుగుతుంది, సాక్షులున్నందువల్ల మాట తప్పితే పదిమందిలో పరువు పోతుంది.

చదివింపుల పుస్తకం ఇంకో రకం. పెళ్ళిలో ఎవరు ఎంత చదివించారో పేరు పేరునా రాసి, వాళ్ళింట్లో శుభకార్యానికి అంతకు కాస్త ఎక్కువే ఇస్తారు. చూడ్డానికి పక్కా లెక్కలా ఉంటుంది గానీ అందులో కిటుకు ఏంటంటే ఆ లెక్క వెంటనే తీరదు, తీరకూడదు కూడా. పెళ్ళయిన మర్నాడే ఎవరైనా ఆ డబ్బు తిరిగి ఇచ్చేస్తే అది సంబంధం తెంచుకోవడమే అవుతుంది. ఇచ్చినదానికీ పుచ్చుకున్నదానికీ మధ్య ఏళ్ళ ఎడం ఉండడమే ఇద్దరినీ కలిపి ఉంచుతుంది. వారవారం రిఫరల్ చీటీకి రిఫరల్ చీటీ సరిచేసే క్లబ్బు ఆ ఎడాన్ని తీసేస్తుంది, దాంతో సంబంధం అంగడి బేరంగా తేలిపోతుంది. అవసరం ఉన్నంతసేపూ ఓడ మల్లన్న, తీరాక బోడి మల్లన్న అన్న తీరు వస్తుందంటే మనుషుల బుద్ధి కంటే ఆ ఏర్పాటే ఎక్కువ కారణం.

కుర్చీతో పరిచయం

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు అప్పటిదాకా శ్రీకాకుళంలో ఉన్న రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. రాజాంలో మిల్లులు, కాంట్రాక్టులు, దుకాణాలు నడిపేవాళ్ళు శ్రీకాకుళం కలెక్టరేట్ చుట్టూ ఏళ్ళతరబడి పెంచుకున్న ఆఫీసు పరిచయాలకు ఒక్క రోజులో పని లేకుండా పోయింది. ఫైలు ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంది. అందులో కుర్చీతో పరిచయం ఎంత, మనిషితో పరిచయం ఎంత అన్నది ఆ తర్వాతే తెలుస్తుంది: బదిలీ అయిన గుమాస్తా గారు, "విజయనగరంలో ఫలానా ఆయన్ని కలవండి, నేను చెబుతాను" అని తనంత తాను ఫోన్ చేశారా లేదా అన్న దాన్ని బట్టి. బిజినెస్ నెట్‌వర్కింగ్ పేరుతో జరిగే దాంట్లో చాలా భాగం ఈ కుర్చీ పరిచయాలే, వాటి ఆయుష్షు బదిలీ ఆర్డరు దాకా.

ఎవరు బయట మిగిలిపోతారు

పూచీ మీద నడిచే లోకం తీయగా కనిపిస్తుంది గానీ, అది తనవాళ్ళనే లోపలికి రానిస్తుంది. ఏ కులం చేతిలో ఏ వ్యాపారం ఉందో, అరువు ఎవరికి సులువుగా పుడుతుందో ఈ జిల్లాల్లో అందరికీ తెలిసిన సంగతే. వ్యాపారంలోకి మొదటిసారి వచ్చిన దళిత కుర్రాడికీ, జాతాపు, సవర గిరిజన ఇళ్ళ పిల్లలకీ తమ తరపున "నాది పూచీ" అనేవాళ్ళు బజార్లో ఉండరు, ఎంత మంచివాడైనా సరే. పొద్దున్న ఏడింటి టిఫిన్ మీటింగుకి ఆడవాళ్ళు రావాలంటే ఇంట్లో వంట ఎవరు చూస్తారన్న ప్రశ్న ముందుంటుంది. డ్వాక్రా సంఘాలు ఇక్కడే భిన్నంగా పనిచేశాయి: పది పదిహేను మంది ఆడవాళ్ళు ప్రతి నెలా పొదుపు కడుతూ, అప్పు తీర్చడంలో ఒకరికొకరు జవాబుదారీ అవుతూ, బ్యాంకు దగ్గర వ్యక్తిగా లేని పూచీని గుంపుగా సంపాదించుకున్నారు. అయితే సంఘంలో ఉన్నవాళ్ళంతా ఒకే వీధివాళ్ళు కావడంతో అప్పు దొరికినంత సులువుగా అమ్మకానికి మార్కెట్ దొరకలేదు. పూచీ ఉంది, కబురు లేదు.

ఇంజనీరింగ్ పిల్లల సంగతి సరిగ్గా తిరగేసి ఉంటుంది. లింక్‌డిన్‌లో వెయ్యి మంది, "సర్, ప్లీజ్ రిఫర్ మీ" అన్న ఒకే మెసేజ్ వందమందికి, జవాబు సున్నా. అలా అడిగితే అవతలివాడికి తన పేరు పెట్టడానికి ఆధారం ఏమీ లేదు. అదే తన కాలేజీ సీనియర్‌ని, "మీ టీమ్‌లో టెస్టింగ్‌కి ఏం వాడుతున్నారు, నేను ఈ ప్రాజెక్టు చేశాను, పది నిమిషాలు చూసి తప్పులు చెబుతారా" అని అడిగితే సీనియర్ చేతిలో ఏదో ఒకటి పడుతుంది. అడగడానికి మొహమాటం అడ్డమైతే దానికీ ఒక లెక్క ఉంది. 2008లో ఫ్లిన్, లేక్ అనే పరిశోధకులు, ఐదుగురు అపరిచితులతో ఒక ఫారం నింపించుకు రమ్మని విద్యార్థులను పంపారు. 20 మందిని అడగాల్సి వస్తుందని వాళ్ళు అనుకున్నారు, 10 మందితోనే పనయిపోయింది.

రాబోయే రోజుల్లో

విమానాశ్రయం, పోర్టు పనుల్లో ఆఫీసు ఉద్యోగాలు పోర్టళ్ళ ద్వారా, రిఫరళ్ళ ద్వారా భర్తీ అవుతాయి. అక్కడ దూరపు పరిచయాలదే పైచేయి, పోటీ దేశమంతటి నుంచీ ఉంటుంది. లోడింగ్, వాహనాలు, క్యాంటీన్, హౌస్‌కీపింగ్ మాత్రం పెద్ద కాంట్రాక్టరు నుంచి సబ్ కాంట్రాక్టరుకి, అతన్నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి ఊరి మనుషులకి దిగుతాయి, ప్రతి మెట్టులోనూ మనుషుల్ని తెస్తానన్నవాడి మాటనే చూస్తారు. స్థానిక వ్యాపారులకు ఖాళీగా ఉన్నది ఈ రెండింటి నడుమ చోటు: బయటి కంపెనీ భాష తెలిసి, ఊరివాళ్ళు నమ్మే మనిషి. ఆ చోట్లో నిలబడగలిగినవాళ్ళు ప్రస్తుతం ఎక్కువగా ఇరవై ఏళ్ళు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో సైట్ సూపర్‌వైజర్‌గా చేసి తిరిగొచ్చినవాళ్ళే, వాళ్ళలో చాలామంది ఏ బిజినెస్ గ్రూపులోనూ లేరు.